పాత్ర – పాత్రత

పాత్ర యను మాటకు మన భాషలో ముఖ్యముగా మూడర్థములు కలవు. వంటయింటి గిన్నెయు పాత్రయే. నాటకములో నటుడు ధరించు వేషమును పాత్రయే. దానము పుచ్చుకొన నర్హుడైనవాడును పాత్రుడే. ఈ మూటికి ఒకే మాట ఎట్లు కుదిరెనో పండితులు చెప్పవలెను గాని, మాకు తోచినది ఇది: గిన్నెలో పట్టునంతయే పోయవలెను, వేషము నిలుపగలవానికే ఈయవలెను, దానము తగినవానికే చేయవలెను. మూడింటిలోను ఒకటే ప్రశ్న దాగియున్నది. తగినవాడని ఎవరు, ఎప్పుడు, ఏ గుర్తునుబట్టి నిర్ణయింపవలెను? పాత్రత వచ్చిన పిమ్మటనే పాత్ర నీయవలెనా, లేక పాత్ర నిచ్చినచో పాత్రత దానంతట వచ్చునా?

ఇది సభలలో పండితులు చేయు చర్చ గాదు. మా యింటి పిల్లలు వేసవి సెలవులలో తెచ్చిన తగవు. మేము మెట్రిక్యులేషను వఱకు చదివి, గుమాస్తా పనిలో ముప్పదియేండ్లకు పైగా గడపి, ఇప్పుడు విశ్రాంతి పొందుచున్నవారము. శాస్త్రములు మాకు తెలియవు. కాగితము వచ్చినచో దానిని ఏ ఫైలులో చేర్చవలెనో మాత్రము తెలియును. ఈ తగవును గూడ అట్లే విచారింపగా, అది పిల్లల ఆటతో ముగియక, బళ్ళారిలో నివసించు తెలుగు కుటుంబములవారి కందఱికిని సంబంధించిన విషయముగా కనబడెను. అందుచేత దీనిని ఈ సంచిక పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

మా కుమారుని కుమార్తె బెంగుళూరులో కాలేజీ చదువుచున్నది. మా కుమార్తె కొడుకు పదునాలుగేండ్లవాడు. ఇరువురును వేసవికి బళ్ళారి వచ్చి, మన యెండకు వెలుపలికి పోజాలక, టెలివిజనుకు ఒక చిన్న యంత్రమును తగిలించి ఆటలాడుచుందురు. ఆ యాటలలో రెండు బొమ్మలు ఎదురెదురుగా నిలిచి పోరాడును. పిల్లలు వీనిని ఫైటింగ్ గేములందురు. ఆడువాడు మొదట తనకొక యోధుని ఎన్నుకొనవలెను. ఆ యోధుని కారెక్టరందురు, అనగా పాత్ర. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క తీరు నడకయు, దెబ్బయు, ఒడుపును కలవు. ఎన్నుకొనుటకు తెఱమీద ముఖములు వరుసగా అగపడును. కొన్నిచోట్ల ముఖముండదు, నల్లని నీడ మాత్రమే యుండును. ఆ నీడలు తాళము వేసిన పాత్రలు. ఆటలో కొంత సాధించినగాని అవి తెఱచుకొనవు.

తగవు ఈ తాళములను గూర్చియే. మా మనుమని వాదమిది: "అన్నీ ముందే ఇచ్చేస్తే ఇంక ఆడేదానికి ఏముంటుంది తాతా? ఒక్కొక్కర్నీ గెల్చుకుంటేనే కదా వాడు మనవాడైనట్టు!" మనుమరాలి వాదము వేఱు: "నాకు ఆదివారం ఒక గంట దొరుకుతుంది తాతా. ఆ గంట బీగాలు తీసేదానికే సరిపోతే స్నేహితులతో ఆడేది ఎప్పుడు? డబ్బిచ్చి కొన్న బీరువాలో సగం అరలకు బీగం వేసి పంపితే మీరు ఊరుకుంటారా?"

ఇరువురును మమ్ము తీర్పు చెప్పుమనిరి. ఫైలు పూర్తిగా చదువనిదే నోటు వ్రాయుట మాకు అలవాటు లేదు. కావున ఆ యాటల చరిత్రను ముందుగా వారిచేతనే చెప్పించుకొని వ్రాసికొంటిమి.

ఈ జాతి యాటలకు లోకమంతట పేరు తెచ్చినది జపాను దేశపు క్యాప్‌కామ్ కంపెనీవారు 1991లో వెలువరించిన స్ట్రీట్ ఫైటర్ 2. అందు 8 మంది యోధులుండిరి. అంగడిలో నాణెము వేసిన ప్రతివానికిని ఆ యెనమండుగురును సిద్ధముగా నుండెడివారు. వారిలో ధాల్సిమ్ అను యోగి మన దేశస్థుడట! చేతులను బారలకొలది సాచును; నోట మంటలు గ్రక్కును. ఇది ఏ యోగశాస్త్రమున నున్నదో పతంజలికే తెలియవలెను. చివర ఎదురగు నలుగురు నాయకులను మాత్రము ఆడువాడు ఎన్నుకొనుటకు వీలులేకుండెను. 1992లో వచ్చిన క్రొత్త కూర్పులో ఆ నలుగురును ఆడువారికి లభించిరి.

పిమ్మట ఆటలు అంగళ్ళనుండి ఇండ్లలోనికి వచ్చినవి. అంగడిలో నాణెముతో ఆట ముగియును. ఇంటిలో అట్లు గాదు. ఒక్కసారి కొన్న ఆట నెలల తరబడి విసుగు పుట్టింపక నిలువవలెను. తాళములకు ఇంటిలో పని కలిగినది అందువలననే. నామ్కో వారి టెక్కెన్ 3 దీనికి మంచి యుదాహరణము. అంగళ్ళలో 1997లోను, ఇండ్లలో 1998లోను వచ్చిన యీ యాటను మన దేశములో ఆనాటి కుఱ్ఱవాండ్రు ఎందఱో ఎఱుగుదురు. ఇంటి యంత్రములో మొదట 10 మందియే కనబడుదురు. ఒకనితో ఆట తుదివఱకు గెలిచినచో ఒక క్రొత్తవాడు, మఱియొకనితో గెలిచినచో మఱియొకడు, ఇట్లు వరుస పెరుగును. 2018లో నింటెండో వారు తెచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ ఇంకను ముందుకు పోయెను. అందు 70 మందికి పైగా యోధులున్నను, ఆట మొదలిడిననాడు చేతికి వచ్చువారు 8 మందియే. ఆడుచుండగా ఒక్కొక్క నీడ సవాలు చేయుచు ఎదుటికి వచ్చును. దానిని ఓడించినచో అది మన పక్షమున చేరును. మా మనుమనికి ప్రాణప్రదమైనది ఈ యాటయే.

ఇక విచారణ. తాళమనగానే కోపపడరాదు. తాళములలో మంచివియు కలవు. మన బళ్ళారి ప్రాంతమున పాత పేటలలో గరిడీలుండెడివి. కన్నడిగులు వీనిని గరడి మనె యందురు. లోపల ఆంజనేయస్వామి విగ్రహము, ఎదుట ఎఱ్ఱమట్టి గోద. క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి మొదటి దినముననే కుస్తీ పట్టు చెప్పరు. మన్ను త్రవ్వి మెత్తజేయుట, దండీలు, బస్కీలు, గదలు త్రిప్పుట, ఇవి ముందు. పట్టు తరువాత. దీనిని ఎవ్వరును అన్యాయమనలేదు. ఏలయన, మెడ బలపడని వానికి పట్టు నేర్పినచో విరుగునది వాని మెడయే. ఈ తాళము శిష్యుని రక్షణకొఱకు వేసినది. దాని చెవియు శిష్యుని చేతిలోనే యున్నది. ఎన్ని దండీలు తీసిన ఎంత బలము వచ్చునో వానికిని తెలియును, గురువునకును తెలియును.

మా గుమాస్తా పనియు ఇట్టిదే. చేరిన మొదటి రెండేండ్లు తపాలు పుస్తకమే మా లోకము. వచ్చిన కాగితమునకు నంబరు వేయుట, పోయిన కాగితమునకు తేదీ వేయుట. నోటు వ్రాయుటకు మాకు అధికారము లేదు. ఆనాడు విసుగు కలిగినమాట నిజమే గాని, ఆ రెండేండ్లలో ఏ కాగితము ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి పోవునో కన్నుమూసికొని చెప్పగలిగితిమి. తరువాత కలము చేతికిచ్చిననాడు ఆ యెఱుకయే మాకు అన్నము పెట్టినది. మా మనుమడు చెప్పుచున్న రుచి యిదియే. పదిమందితో ఆడి, ఆ పదిమంది తీరులను తెలిసికొని, పదునొకండవ వానిని సంపాదించినవానికి ఆ పదునొకండవవాడు ఊరక చేతికి వచ్చిన బొమ్మ గాదు. ఒంటరిగా ఇంట కూర్చుండి నేర్చుకొనువానికి తాళము ఒక దారి చూపును. ఎన్ని దినములలో నెంత దూరము వచ్చితినో చెప్పును. ఇంతవఱకు మేము బాలుని పక్షము.

కాని ఆట ఒంటరిగా ఆడునది మాత్రమే గాదు. స్ట్రీట్ ఫైటర్ 4 అను ఆట 2009లో ఇంటి యంత్రములకు వచ్చినప్పుడు అందు కొన్ని పాత్రలు మూసియుండెను. ఇంట ఆడువానికి అది వేడుకయే. పోటీలు జరుపువారికి మాత్రము అది తలనొప్పి. పోటీకి పది యంత్రములు తెచ్చినచో, పదింటిమీదను ఎవరో కూర్చుండి ముందుగా ఆ తాళములన్నియు తీసియుంచవలెను. లేనిచో తాను నెలల తరబడి సాధన చేసిన పాత్ర యొక యంత్రములో నుండి, మఱియొక యంత్రములో లేక, ఆటగాడు చేతులు కట్టుకొని నిలువవలసివచ్చును. అప్పుడు గెలుపోటములు నేర్పునుబట్టి గాక యంత్రమునుబట్టి తేలును. ఈ యాటలు ఇప్పుడు పిల్లల కాలక్షేపము మాత్రమే గాదు. చీనా దేశమున హాంగ్‌జౌ నగరమున 2023లో జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 ఆటకు పతకములిచ్చిరి. బంగారు పతకము గెలిచిన కొరియా దేశస్థుడు కిమ్ గ్వాన్-వూ వయస్సు అప్పటికి 44 ఏండ్లు. అట్టి రంగమున ఎవని కేది తెఱచియున్నది, ఎవని కేది మూసియున్నది యను భేదముండరాదు. బరిలో దిగిన ఇరువురికిని అన్ని పాత్రలును సమముగా నుండవలెను.

ఇక్కడ గమనింపవలసిన మాట యొకటి కలదు. పాత్ర తెఱచుకొన్నంతమాత్రమున పాత్రత రాదు. డెబ్బదిమంది యోధులను ఒక్క దినమున చేతికిచ్చినను, వారిలో నొక్కని ఒడుపు తెలియుటకు నెలలు పట్టునని మా మనుమరాలు చెప్పినది. మన హంపిని 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసియుంచెను. రాయలు తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించి, బరువులెత్తి, ఆ నూనె చెమటతో పోవువఱకు కత్తిసాము చేసి, తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టి, ఆపైన గుఱ్ఱమెక్కి తిరిగెడివాడట. ఆయనకు మూసియున్న తలుపు విజయనగరమున నేది కలదు? ఐనను ప్రతి యుదయమును చెమటతోనే ప్రారంభించెను. అసలైన తాళము ఒంటిలో నున్నది. దానిని దినమును తీయుచుండవలెను. అది యుండగా బరివాకిట మఱియొక తాళమెందులకు? ఇంతవఱకు మేము బాలిక పక్షము.

తాళములలో చెడ్డవియు కలవు. మొదటిది దాపఱికపు తాళము. పారశీక కవి సాదీ 1258లో రచించిన గులిస్తాన్ గ్రంథమున ఒక మల్లుని కథ కలదు. అతనికి 360 పట్లు తెలియును. ప్రియశిష్యునికి 359 పట్లు నేర్పి ఒక్కటి దాచుకొనెను. శిష్యుడు గర్వించి గురువునే సవాలు చేయగా, ఆ దాచిన పట్టుతో గురువు వానిని తన తలపైకి ఎత్తి పడవైచెను. రాజు మెచ్చి గురువును సన్మానించెను. కథ ఇంతటితో ముగియును. చదివినవారు గురువు తెలివిని మెచ్చుకొందురు. మేమును మెచ్చుకొంటిమి. కాని గుమాస్తాబుద్ధితో ఒక లెక్క వేసి చూచితిమి. ఆ శిష్యుడు గురువై తానును ఒక పట్టు దాచినచో, వాని శిష్యునికి దక్కునవి 358. తరువాతివానికి 357. ఇట్లు ప్రతి తరమును ఒక్కటి దాచుకొనుచుపోయినచో తుదకు గోద మిగులును, మన్ను మిగులును, పట్టు మిగులదు.

ఇది కథ మాత్రమే గాదు. మేము పనిచేసిన ఒక కార్యాలయమున రికార్డు గది తాళపుచెవి ఒక పెద్ద గుమాస్తాగారి మొలత్రాటికి వ్రేలాడుచుండెడిది. ఏ కట్ట ఏ బీరువాలో నున్నదో ఆయనకు తప్ప ఇతరులకు తెలియదు. అడిగినచో, "నీకు కాలం వస్తుంది నాయనా, అప్పుడు చెప్తాలే" అనెడివారు. ఆ కాలము రాకముందే ఆయనకు పదవీవిరమణ వచ్చినది. చెవి నిచ్చి పోయిరి. ఎఱుకను మాత్రము వెంట తీసికొనిపోయిరి. పాత కాగితము లొక్కొక్కటి వెదకుటకు మాకు నెలలు పట్టినది. తాళము ఎట్లు తెఱచుకొనునో ముందుగా చెప్పని తాళము సాధనకు సహాయము గాదు; అది తాళము వేసినవాని పెద్దఱికమునకు సహాయము.

రెండవది పుట్టుకతాళము. మహాభారతమున కురుకుమారుల అస్త్రవిద్యాప్రదర్శనము జరిగినప్పుడు కర్ణుడు రంగమున ప్రవేశించి, అర్జునుడు చేసిన పనులన్నియు తాను చేసి చూపెను. ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. అప్పుడు కృపాచార్యుడు అతని కులమును, తల్లిదండ్రులను అడిగెను. నేర్పు చూపినవానిని నేర్పు అడుగలేదు, పుట్టుక అడిగెను. ఏకలవ్యుని కథయు మనకు తెలియును. ఎవ్వరును తెఱువని తలుపును తానే సాధనతో తెఱచుకొన్నవాడు; తుదకు బొటనవ్రేలు సుంకముగా చెల్లించెను. ఎంత దండీ తీసినను పుట్టుక మాఱదు గదా! సాధనతో తెఱచుకొనని తలుపును తాళము వేసిన తలుపనరాదు, అది గోడ.

మూడవది డబ్బుతాళము. 2012లో క్యాప్‌కామ్ వారు స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ యోధులను కలిపి ఒక యాటను విక్రయించిరి. కొన్నవారు ఆ డిస్కును పరిశీలింపగా, అందులోనే మఱి 12 మంది పాత్రలు మూసి పెట్టబడియున్నట్లు తేలెను. వారు ఆటలో ఎంత గెలిచినను తెఱచుకొనరు. వేఱుగా మఱల ధర చెల్లింపవలెను. ఆటగాండ్రు చాల ఆగ్రహించిరి. 2016లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 5లో 16 మంది పాత్రలు మొదటనే తెఱచియుండిరి. తరువాత వచ్చు క్రొత్తవారిని ఆటలో గెలిచిన నాణెములతోనైనను, నిజమైన డబ్బుతోనైనను కొనవచ్చుననిరి. ఒక్కొక్కని వెల ఆటనాణెములలో లక్ష. అన్నివేళల ఆడుటకు తీరికలేనివాడు డబ్బు పోయును. డబ్బులేనివాడు కాలము పోయును. దీనిని తాళమనుటకంటె తోపుగేటు అనుట మేలు. ఇక్కడ కర్ణుని కథ మఱల జ్ఞప్తికి వచ్చుచున్నది. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ఆ తలుపు తెఱపించెను. ఆ మేలునకు కర్ణుడు ప్రాణములు పోవువఱకు ఋణపడియుండెను. తలుపు తెఱచుట ఎవని దయమీద ఆధారపడియున్నదో, లోనికి పోయినవాడు వానికి బంటగును.

పిల్లల తగవు ఇంతటితో తేలినట్లే. కాని ఈ విచారణ సాగుచుండగా మా మనస్సు టెలివిజను తెఱమీదినుండి మన నాటకరంగపు తెఱవైపునకు పోయినది. అక్కడను పాత్రలే, అక్కడను తాళములే.

బళ్ళారి తెలుగు నాటకమునకు పుట్టినిల్లని మన పెద్దలు గర్వించిరి. ఆ గర్వము తగినదే. న్యాయవాదియైన ధర్మవరము కృష్ణమాచార్యులవారు 1886లో ఇక్కడ సరసవినోదినీ సభను స్థాపించి, చిత్రనళీయము మొదలగు నాటకములను ఆడించిరి; ఆంధ్ర నాటక పితామహులని పేరుగాంచిరి. ఆయనకు సమకాలికులైన కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమా సభకు ప్రాణమైరి. వీరి తరువాత వచ్చినవారు బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి, కృష్ణమాచార్యులవారికి మేనల్లుడై, బళ్ళారిలో వకీలుగా పేరొంది, 1946లో మరణించువఱకు రంగస్థలమే ఊపిరిగా జీవించిరి. కోలాచలమువారి రామరాజు నాటకమున ఆయన ధరించిన పఠాను పాత్రను చూచినవారు జీవితాంతము చెప్పుకొనిరి.

ఆ రాఘవగారు తెఱచిన తాళమొకటి కలదు. ఆ కాలమున స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. అందు మహానటులు లేకపోలేదు. స్థానము నరసింహారావుగారి కళను ఎవ్వరు కాదనగలరు? కాని ద్రౌపది పాత్ర ద్రౌపది జాతివారికే మూసియుండుట వింత గాదా! స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుబట్టిరి. నిందలకు వెఱవక, చదువుకొన్న స్త్రీలను తమతోపాటు రంగస్థలము మీద నిలిపిరి. ముందు పాత్రత చూపుడు, పిమ్మట పాత్ర నిత్తుమని ఆయన అనియుండినచో ఆ తలుపు మఱి యేబదియేండ్లు తెఱచుకొనకపోవును. రంగస్థలమెక్కనిదే రంగస్థలపు నేర్పు ఎక్కడినుండి వచ్చును? ఆయన పాత్ర నిచ్చి పాత్రతను పుట్టించిరి.

ఇట్టి ఊరివారమైన మనము ఇప్పుడేమి చేయుచున్నాము? 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్ళారి ఇటు నిలిచినది. ఆ గీత మా తండ్రుల కాలమున గీయబడినది. మేము ఈ నేలమీదనే పుట్టి, కన్నడమున చదివి, కన్నడమున ఫైళ్ళు వ్రాసి, ఇంట తెలుగు మాటలాడుచు పెరిగితిమి. ఇరుగుపొరుగు కన్నడిగులతో మాకు కొఱతయేమియు లేదు. కొఱత మన ఇంటిలోనిది. మన పిల్లలకు తెలుగు చెవికి తెలియును, నాలుకకు సగము తెలియును, కంటికి తెలియదు. పుస్తకమిచ్చినచో అక్షరములు నల్లని నీడలవలె కనబడును.

సంఘమువారి ఉగాది నాటకమున ఈ సంగతి ఏటేట ఎదురగుచున్నది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగమునుండి రాయబారపు ఘట్టము వేయుదమందుము. శ్రీకృష్ణుడు ఎవరు? అఱువదియైదేండ్లవారు. దుర్యోధనుడు? అంతకు పెద్దవారు. కర్ణుడు నిలుచుటకు మోకాలినొప్పి. కుఱ్ఱవాండ్రకు మిగిలినవి భటులు, ద్వారపాలకులు. ఒక్క మాటయైన లేని వేషములు. ఒక బాలుడు పద్యమును కన్నడ లిపిలో వ్రాసికొని వచ్చి, కృష్ణ పాత్రకు తనను పరీక్షింపుడని యడిగెను. "ముందు తెలుగు చదవడం నేర్చుకో నాయనా, నాలుగేండ్లు భటుడుగా నిల్చో, తర్వాత చూద్దాం" అని పెద్దలనిరి. మఱుసటి సంవత్సరము ఆ బాలుడు రాలేదు. భటులకు గూడ కొఱత వచ్చినది.

పెద్దలు చెడ్డవారు గారు. ముప్పదియేండ్లు రాగము తీసి నిలిపిన పద్యమును అపస్వరమున వినలేకపోవుట మాకును తెలియును. వారు వేసినది గరిడీ తాళమే యని వారి నమ్మకము. కాని పోల్చి చూడగా, మా మనుమని ఆటలోని తాళము ఇంతకంటె న్యాయమైనదని చెప్పక తప్పదు. ఆ యాట తన బాలునితో ఈ విధముగా చెప్పును: ఈ పని చేయుము, ఈ పాత్ర వచ్చును; ఓడినచో మఱల రమ్ము. అందు వయస్సు లేదు, వరుస లేదు, ఎవరి దయయు లేదు. మన తాళముమీద నట్టి వ్రాత యేదియు లేదు. నాలుగేండ్ల తరువాత ఇత్తుమని గాదు, చూతుమని మాత్రమే యన్నాము. పెద్దలు తప్పుకొనువఱకు తెఱచుకొనని తాళము సాధనను కొలువదు, ఆయుస్సును కొలుచును.

కావున ఫైలు మూయకముందు మా నోటు ఇట్లున్నది. మంచి తాళమునకు మూడు గుర్తులు. దాని చెవి ఆడువాని శ్రమలోనే యుండవలెను. పుట్టుకలోను, డబ్బులోను, ఇంకొకరి దయలోను ఉండరాదు. అది ఎట్లు తెఱచుకొనునో ముందుగా అందఱికిని ఒకే తీరున చెప్పవలెను. అందఱును సమముగా నిలువవలసిన బరిలో అది అడ్డురాకూడదు. ఈ మూడును కలిగినచో తాళమును ఉంచవలెను. ఒక్కటి లేకున్నను తీయవలెను. ఇంట ఒంటరిగా ఆడుకొనువానికి నీడలుండనిండు. వాడు ఒక్కొక్కటి గెలుచుకొని సంతసించును. నలుగురు కలిసి ఆడుచోట, పోటీ జరుగుచోట, అన్ని ముఖములును మొదటనే వెలుగవలెను. ఈ మాటతో మా మనుమడును, మనుమరాలును సగము సగము సమాధానపడిరి. అంతకంటె మంచి తీర్పు ఏ కచేరీలోను మేము చూడలేదు.

ఇదే మాటను సంఘపు పెద్దలకును మనవి చేయుచున్నాము. రాబోవు ఉగాదికి రాయబారములోని పాత్రలన్నియు అందఱికిని తెఱచియుంచుడు. ఈ పాత్రకు ఈ పద్యములు, ఈ దినమున పరీక్ష అని కాగితముమీద వ్రాసి గోడకు అంటింపుడు. పద్యమును కన్నడ లిపిలో వ్రాసికొని వచ్చినవానిని వెనుకకు పంపకుడు. పద్యము నోటికి వచ్చినచో, ఉచ్చారణ నిలిచినచో, వానిని నిలుపుడు. ఓడినవానికి, ఏది చాలలేదో చెప్పి, మఱల ఎప్పుడు రావలెనో చెప్పుడు. పెద్దలు వేషము మానవలెనని మా యభిప్రాయము గాదు. వారును పరీక్షకు నిలువవచ్చును. గెలిచినచో వారే కృష్ణులు. గెలిచినను గెలువకున్నను తమకు తెలిసిన పట్లు 360ని నేర్పవలెను. చివరి పట్టు ముందుగా నేర్పవలెను, ఏలయన తీరిక తక్కువగా నున్నది.

అక్షరముల సంగతియు ఇంతే. మన పాత పెద్దబాలశిక్షలవారు తెలుగు అక్షరములు 56 అనిరి. 2000 సంవత్సరమున వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అను ఆటలో పాత్రలును 56 మందియేనని మా మనుమరాలు చెప్పగా మేము నవ్వుకొంటిమి. కన్నడము చదువగలిగిన బిడ్డకు ఈ 56లో పెక్కు ముఖములు ముందే పరిచయము. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలు గదా. తలకట్టునకును, కొన్ని వంపులకును అలవాటు పడవలెను. దినమునకు అరగంట చొప్పున కూర్చుండినచో కొలది వారములలో పుస్తకము తెఱచుకొనును. ఇది నిజముగా సాధనచేత తెఱచుకొను తాళము. చెవి మన బడులే సగము చేసి పెట్టినవి. మిగిలిన సగము చేయుటకు ఇంటింట ఒక తాతయో, అవ్వయో చాలును.

మేము సంఘ భవనమున ప్రతి ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు పలకతో కూర్చుండుటకు సిద్ధముగా నున్నాము. పరీక్ష లేదు, రుసుము లేదు, వయస్సు నిబంధన లేదు. వచ్చినవారికి అ ఆలతో గాక, శ్రీకృష్ణుని మొదటి పద్యముతో ఆరంభింపదలచితిమి. పాత్రను ముందు చేతికిత్తుము. పాత్రత దినదినమును సాధనతో వచ్చును.